ఐదు సీట్ల కారు

"మీరు రాకపోతే మానెయ్యండి. నేనొక్కదాన్నే వెళ్ళి చూసొస్తాను," అంది కండక్టరు, పొయ్యి మీంచి టీ గిన్నె దించుతూ.

డ్రైవరు ఇస్త్రీ బల్ల ముందు నిలబడి యూనిఫాం చొక్కా చేతుల మడత సరిచేసుకుంటున్నాడు. బస్సులు డిపోలో దుమ్ము కొట్టుకుపోయి నెలలవుతోంది. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే ఆ చొక్కా ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలిస్తాడు. మర్నాడు అదే చొక్కా దించి మళ్ళీ ఇస్త్రీ చేస్తాడు. వేసుకోని చొక్కా ఎలా నలుగుతుందని అడగడం ఆవిడ ఎప్పుడో మానేసింది.

"వినపడిందా డ్రైవరుగారూ?"

ఆ 'గారూ' చెవిన పడగానే ఆయనకి పరిస్థితి అర్థమైంది. ఏళ్ళ తరబడి ఆ మొగుడూ పెళ్ళాలది ఒకే బస్సు. ఆయన ముందు, ఆవిడ వెనక. బస్సులో ఆవిడకి ఆయన డ్రైవరుగారు, ఇంట్లో ఏవండీ. బస్సులో పిలుపు ఇంట్లోకి వచ్చిందంటే ఆ పూట కూరలో ఉప్పు నుంచి అన్నీ రూలు ప్రకారమే జరుగుతాయి, ప్రేమగా ఏదీ జరగదు.

"బస్సు నడిపేవాడు కారు కొన్నాడంటే డిపోలో నవ్వుతారే," అన్నాడు చివరికి.

"డిపోకి తాళం వేసుంది. నవ్వేవాళ్ళు ఎవరిళ్ళల్లో వాళ్ళున్నారు. మాస్కుల చాటున నవ్వుకోనివ్వండి, మనకేం కనపడదు."

ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టి, బస్సులు మొదలయ్యాక మొదటి ట్రిప్పులోనే పిల్లని తెచ్చుకుందామని నెమ్మదిగా నచ్చజెప్పబోయాడు. వారంగా ఆయన చెబుతున్న మాటే అది. చెప్పిచెప్పి ఆయనకే చప్పగా తయారైంది.

"బస్సులెప్పుడు మొదలవుతాయి?" అంది కండక్టరు. "మీకు తెలుసా? నాకు తెలుసా? అప్పటిదాకా ఆగితే ఆ బస్సమ్మ కూడా పోయి, ఆంటీ అంటుంది నన్ను."

ఆవిడ టీ గ్లాసుల్లోకి వంపింది.

బస్సమ్మ అన్న పేరు పెట్టింది వాళ్ళ కూతురే. అయిదు నిండిన ఆ పిల్లని డిపోలో అందరూ అరటిక్కెట్టు అంటారు. అయిదు నిండాక మొదటిసారి బస్సెక్కినప్పుడు, సొంత కూతురని చూడకుండా అరటిక్కెట్టు కొట్టి చేతిలో పెట్టిన మహాతల్లి ఈవిడే మరి. సెలవులని చెల్లెలింటికి పంపింది. నాలుగు గౌన్లు సర్దిచ్చింది. పిల్ల అక్కడుండగానే రోడ్లు మూశారు, బస్సులాపారు. వీళ్ళ బస్సు రోజూ వెళ్ళొచ్చే ఊరే అది. కళ్ళకి గంతలు కట్టినా డ్రైవరు మలుపులు చెప్పగల దారి. ఇప్పుడదే వాళ్ళకి అందరాని చందమామ అయి కూర్చుంది.

చెల్లెలికి పిల్లల్లేరు. అక్క కూతుర్ని కళ్ళల్లో పెట్టుకుని చూస్తోంది. ఆ మాట కండక్టరు కూడా కాదనదు. పిల్ల మొదట్లో పిన్నమ్మా అని పిలిచేది. పిలిచి పిలిచి ముందున్న పిన్ని అరిగిపోయి అమ్మ మిగిలింది. అమ్మగా అక్కడొకావిడ స్థిరపడ్డాక, ఫోనులో కనపడే ఈవిడకి వేరే పేరు కావలసి వచ్చింది. పోయిన వారం ఫోను తెరలో ముందుపళ్ళు ఊడిన నవ్వు నవ్వుతూ, "బస్సమ్మా, ఇవాళ అమ్మ నాకు రెండు జడలేసింది," అంది.

కండక్టరు జడలు బాగున్నాయంది, వెనక్కి తిరిగి చూపించమంది, నవ్వింది. ఫోను పెట్టేశాక స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది. ఆ రోజు నుంచి ఆవిడ తినే తిండి పిచ్చిక్కి కూడా చాలదు.

చిక్కుకుపోయిన పిల్లల్ని తెచ్చుకోవడానికి సొంత బండి ఉన్నవాళ్ళకి పాస్ ఇస్తున్నారని తెలిసిన క్షణం నుంచి కారు, కారు, కారు. పాత కార్ల దుకాణాలన్నీ షట్టర్లు దించేసి ఉన్నాయి. ఫోనులో ప్రకటనలు చూసి ఒక్కొక్కరికీ చేసింది. కొందరు ఫొటోలు పంపుతాం, కారు చూపించం అన్నారు. ఒకాయన కారు చూపిస్తానన్నాడు కానీ ఇంటి ముందుకి రావద్దన్నాడు. అందరినీ ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే, ఎన్ని సీట్లండీ అని. ఎంత నడిచింది, ఏ సంవత్సరం బండి, ఇవన్నీ తర్వాత. కండక్టరు కదా.

చివరికి దొరికినాయన స్కూలు పుస్తకాల ఏజెంటు. బడులు మూతపడ్డాయి కనక ఆయనకి కారుతో పని లేదు, ఇల్లు గడవడంతోనే పని. కూరగాయలకని మనుషుల్ని బయటికి వదిలే వేళలోనే వచ్చి చూసుకోమన్నాడు. ఇన్నేళ్ళు దాచుకున్న డబ్బు కూతురి కోసమేగా దాచింది, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడని కండక్టరు తేల్చేసింది.

డ్రైవరు టీ తాగి గ్లాసు కడిగి బోర్లించాడు. మాస్కు తగిలించుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. వస్తున్నానని మాత్రం అనలేదు. గొడవలో ఓడిపోయినప్పుడు ఆయన పద్ధతి అది.

*

పుస్తకాల ఏజెంటు వీధి చివర గోడవార కారు నిలబెట్టి, తను ఇవతలి చెట్టు నీడన నిలబడ్డాడు. మనిషి దగ్గరికి రాడు. మాటలన్నీ వీధి ఈ పక్క నుంచి ఆ పక్కకే. కారు మీద చెయ్యి వేసే ముందు చేతులు తడుపుకోమని శానిటైజర్ సీసా గోడ మీద పెట్టాడు. పెళ్ళిచూపులకి వెళ్ళి పిల్లని కిటికీలోంచి చూసొచ్చినట్టుంది వ్యవహారం.

బండి చిన్నదే. తెల్లరంగు వెలిసి గోధుమరంగులోకి తిరిగింది. డ్రైవరు చుట్టూ ఒకసారి తిరిగాడు. టైరుని కాలితో తన్నాడు. బస్సు టైరుని తన్నే అలవాటున గట్టిగా తన్నేసరికి కారు మొత్తం ఊగింది. ఏజెంటు చెట్టు కింద నుంచి ఒక అడుగు ముందుకేసి, మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయాడు.

బండి బాగోగులు చెప్పడానికి డిపో మేస్త్రిని ఫోనులో పిలిచారు. ఆయన పుట్టి బుద్ధెరిగి బస్సులు తప్ప బాగు చేసి ఎరగడు. బానెట్ ఎత్తి ఫోను దగ్గర పెడితే, ముందు ఇంజను ఆన్ చెయ్యమన్నాడు. ఆన్‌లోనే ఉంది మేస్త్రీ అన్నాడు డ్రైవరు. మరి చప్పుడేదీ అని మేస్త్రి అనుమానపడ్డాడు. ఒళ్ళు వణకాలి, అద్దాలు అదరాలి, అప్పుడే ఇంజనుకి ప్రాణమున్నట్టు, ఇది రోగిష్టి బండి, తీసుకోవద్దు అని తీర్పు చెప్పేశాడు. పుస్తకాల ఏజెంటుకి మాస్కు పైనున్న కాస్త మొహమూ ఎర్రబడింది.

కండక్టరు ఇవేవీ వినడం లేదు. ఆవిడ వెనక తలుపు తీసి లోపలికి వంగి చూస్తోంది. ముందు రెండు, వెనక మూడు. లెక్క సరిపోయింది. ఎడమ పక్క సీట్లో కూర్చుని, ఏమనుకుందో ఏమో, మాస్కు కిందికి లాగింది. కొత్త పుస్తకాల వాసన. కాగితం, జిగురు, అచ్చు సిరా కలిసిన వాసన. పిల్ల ఈ ఏడు ఒకటో తరగతికి వెళ్ళాలి. అట్టలు వేసే కాగితం కూడా కొని అలమరలో చుట్టపెట్టి ఉంచింది. తలుపు వేసేసుకుంది.

"ఎంత కడిగినా ఆ వాసన పోలేదండీ," అన్నాడు ఏజెంటు దూరం నుంచి, తప్పు ఒప్పుకుంటున్నట్టు. "అది చూసే ఇద్దరు వద్దని వెళ్ళిపోయారు."

"పోగొట్టకండి," అంది కండక్టరు.

కావాలంటే ఆ వీధులన్నీ ఒక చుట్టు తిప్పి చూసుకోమని, తను మాత్రం ఎక్కనని ఆయన అన్నాడు. డ్రైవరు సీటు వెనక్కి జరుపుకుని కూర్చున్నాడు. బస్సు స్టీరింగు పట్టిన చేతులకి అది పళ్ళెంలా ఉంది. గేరు వేశాడు. కానీ బండి కదలలేదు. ఆయన కదిలించలేదు. అద్దంలోకి చూస్తూ కూర్చున్నాడు.

కండక్టరుకి ఒక్క నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాగలేదు. వారం తర్వాత నవ్వడం అదే.

"రైట్," అంది.

బండి కదిలింది.

సందు మలుపు దగ్గర ఆయన బస్సుకి సరిపడా వెడల్పు తీసుకుని తిప్పాడు. కుడిపక్క అరుగు మీద కూర్చున్న పిల్లి లేచి లోపలికి పోయింది. పెద్ద రోడ్డు ఖాళీగా ఉంది. దుకాణాలు మూసి ఉన్నాయి, సిగ్నల్ దీపాలు ఎవరి కోసమో రంగులు మారుతున్నాయి. ఆయన భుజాలు సర్దుకోవడం వెనక నుంచి ఆవిడకి తెలిసింది. ఎన్నో నెలల తర్వాత ఆ మనిషి మెడ నిటారుగా నిలబడింది. ఇంట్లో ఇస్త్రీ చేసుకునే మనిషి కాదు ఈయన, తన డ్రైవరు. ఈయన మీద తనకి ఎంత బెంగగా ఉందో ఆవిడకి అప్పుడే తెలిసింది. ఒకే ఇంట్లో ఉన్న మొగుడి మీద బెంగేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనీ.

అలా వెళ్తూ వెళ్తూ ఆయన బండి ఎడమకి తీసి, నెమ్మదిగా ఆపాడు.

ఎదురుగా బస్టాపు. బల్ల మీద ఎండుటాకులు. ఎవరూ లేరు. ఆపినాయన తనకి తెలియకుండానే ఆపాడు, వెనకున్నావిడకి తెలియకుండానే ఆవిడ చెయ్యి తలుపు గొళ్ళెం మీదికి వెళ్ళింది. ఇంకొక్క క్షణమైతే దిగేవాళ్ళు దిగండి అనేదే. ఇద్దరూ ఆ ఖాళీ బల్ల వైపు చూస్తూ ఉండిపోయారు. రద్దీ రోజుల్లో ఆ స్టాపులో ఎక్కేవాళ్ళని తిట్టుకోని పూట లేదు. ఇప్పుడు ఒక్కరు చెయ్యెత్తినా బాగుండుననిపించింది.

చెయ్యెత్తింది పోలీసు. ఎదురు రోడ్డు మీంచి లాఠీ ఊపుకుంటూ వచ్చి, ఇక్కడెందుకు ఆపారని అడిగాడు.

"స్టాపు కదండీ," అన్నాడు డ్రైవరు.

పోలీసు ఆయన్ని, కారునీ, బస్టాపునీ మార్చి మార్చి చూశాడు. కోపం తెచ్చుకోవాలో వద్దో తేల్చుకోలేకపోయాడు. సంగతంతా కండక్టరు కిటికీలోంచి చెప్పింది. తాము బస్సు మనుషులమనీ, కారు బేరంలో ఉన్నామనీ, కొనగానే పాస్ తీసుకుని ముగ్గురం కలిసి ఇంటికొచ్చేలా వెళ్ళి పిల్లని తెచ్చుకుంటామనీ.

"ముగ్గురేంటమ్మా?" అన్నాడు పోలీసు.

ఆయన చెడ్డవాడేం కాదు. రోజుకి ఎంతమందికి చెప్పాలో అంతమందికీ చెప్పి అలిసిపోయిన మనిషి. చిక్కుకున్నవాళ్ళని తెచ్చుకునే పాస్ మీద కారులో ఇద్దరికి మించకూడదన్నాడు. వెళ్ళేటప్పుడు నడిపేవాడు ఒక్కడే వెళ్ళాలి, వచ్చేటప్పుడు ఆ తెచ్చుకునే మనిషి వెనక సీట్లో కూర్చోవాలి. మూడో మనిషి కనపడితే బండి అక్కడే ఆపేస్తారు, వెనక్కి పంపేస్తారు.

"ఐదు సీట్లున్నాయి సార్," అంది కండక్టరు.

"సీట్లుంటే?"

"పిల్ల చిన్నది. మా లెక్కలో అరటిక్కెట్టే."

"మనిషి మనిషేనమ్మా. ఊపిరి సగం పీల్చదుగా."

ఆయన లాఠీతో రోడ్డు చూపించాడు, కదలమని.

కదిలారు. ఈసారి ఎవరూ రైట్ అనలేదు. కండక్టరు తన పక్కనున్న రెండు ఖాళీ సీట్ల వైపు చూస్తూ కూర్చుంది. యాభై సీట్ల బస్సులో తొంభైమందిని సర్దిన మనిషి. ముందుకి జరగండి, జరగండి, లోపల బోలెడు చోటుందని గొంతు చించుకుని, లేని చోటు పుట్టించి, ఎవరినీ రోడ్డు మీద వదలని మనిషి. ఆవిడ బతుకంతా మనుషులెక్కువ, సీట్లు తక్కువ. సీట్లు ఖాళీగా ఉండగా చోటు లేకపోవడమనేది ఒకటుంటుందని ఆవిడకి తట్టనే లేదు. అందుకే ఎంతమంది కారువాళ్ళని అడిగినా ఎన్ని సీట్లనే అడిగింది, ఎంతమందిని ఎక్కనిస్తారని ఎవరినీ అడగలేదు.

*

ఏజెంటు వీధి మొదట్లోనే డ్రైవరు బండి ఆపేశాడు. దిగలేదు. కిటికీ అద్దాలు మూసి ఉన్నాయి. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవాలంటే ఎప్పుడూ డ్రైవరు ముందున్న అద్దంలోనే. ఏళ్ళ తరబడి అలవాటు. ఇప్పుడు అద్దంలో ఆయన కళ్ళు ఆవిడ కళ్ళని తప్పించుకుంటున్నాయి.

"మీకు హాయిగా ఉంది కదా," అంది.

"ఏంటి?"

"పోలీసు చెప్పినప్పుడు మీ మొహం చూశాను. మీకసలు దాన్ని తీసుకురావాలని లేదు."

కాదంటాడనుకుంది. కసురుతాడనుకుంది. ఆయన స్టీరింగు మీద చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"లేదు," అన్నాడు.

ఎండ కారు మీద పడి లోపల ఉక్కగా ఉంది. ఆవిడ అద్దం దించలేదు.

"మీ చెల్లెలికి నేనే చెప్పాను. ఈ ఏడాదికి పిల్లని అక్కడే ఉంచమని. మొన్న నువ్వు బట్టలారెయ్యడానికి పైకి వెళ్ళినప్పుడు."

"నాకు చెప్పకుండా."

"నీకు చెబితే ఒప్పుకుంటావా?"

"నా పిల్లని పార్సిల్ వేసినట్టు వేసేశారన్నమాట. లగేజీ టిక్కెట్టు కూడా కొట్టేశారా?"

ఆయన చెప్పుకొచ్చాడు, కోపంగా కాదు, బస్సు నడుపుతూ చెప్పినట్టు ముందుకి చూస్తూ. పిల్ల నిద్ర లేచేసరికి తామిద్దరూ డ్యూటీలో ఉండేవాళ్ళమనీ, తిరిగొచ్చేసరికి పక్కింటివాళ్ళ అన్నం తిని వాళ్ళ సోఫాలో పడుకుని ఉండేదనీ, నిద్రలో ఎత్తుకొచ్చి నిద్రలోనే మళ్ళీ అప్పగించేవాళ్ళమనీ. అక్కడ పొద్దున లేవగానే ఇద్దరు మనుషులు కనపడుతున్నారు దానికి. జడలేస్తున్నారు. అన్నంలో వేలు పెట్టి వేడి చూసి తినిపిస్తున్నారు. బస్సులు మళ్ళీ మొదలైతే ఇక్కడేముంది, మళ్ళీ ఆ సోఫాయే కదా.

"నిన్ను బస్సమ్మ అందని ఏడ్చావు," అన్నాడు. "నన్నేమందో తెలుసా? ఏమీ అనలేదు. ఇన్నిసార్లు ఫోను చేశాం, నాన్నేడి అని ఒక్కసారి అడగలేదు. నేను పక్కనే కూర్చుంటాను, ఇప్పుడడుగుతుంది, ఇప్పుడడుగుతుంది అని. అడగదు. పోనీ, ఎక్కడో ఒకచోట సుఖంగా ఉంది కదా అనుకున్నాను. అంతే."

 ఆవిడ ఇన్నాళ్ళూ తన బెంగ ఒక్కటే ఆ ఇంట్లో ఉందనుకుంది. ఈ మనిషి ప్రతి ఫోనుకీ పక్కనే కూర్చుని, తెర అంచులో సగం చెవి మాత్రం కనపడేలా కూర్చుని, పిలుపు కోసం చూశాడన్నమాట. ఒకసారి వంగి ఆయన్ని కూడా తెరలోకి లాగాలని తనకి తోచలేదు. ఆయన మీద జాలేసింది. అయినా కోపం పోలేదు. రెండూ కలిసే ఉన్నాయి.

"సోఫా అయినా సరే," అంది. "నేను నిద్రలో ఎత్తుకున్నప్పుడు నా మెడ పట్టుకునేది. నిద్రలోనే. మీరు చూడలేదు, మీరు ముందు నడిచేవారు. నాకది కావాలి. ఉద్యోగం మానేస్తానో, డ్యూటీ మార్పించుకుంటానో, అది తర్వాత చూస్తాను. నాకు నా పిల్ల కావాలండీ."

డ్రైవరుగారు మళ్ళీ అండీ అయినందుకో, మరెందుకో, ఆయన అద్దంలో ఆవిడ వైపు చూశాడు.

"కారు తీసుకుందాం," అన్నాడు. "నేను వెళ్తాను. తీసుకొస్తాను."

"మిమ్మల్ని నమ్మి పంపాలా?"

"ఇన్నేళ్ళూ నా వెనక నిలబడి, కునుకు కూడా తీశావు. ఇదొక్కసారికి నమ్మలేవా?"

ఆవిడ తలుపు తీసుకుని దిగి, చెట్టు కింద నిలబడ్డ ఏజెంటుకి కారు తీసుకుంటున్నామని చెప్పింది. ఆయన రెండో జత తాళాలు తెచ్చి బానెట్ మీద పెట్టి, వాటి మీద మందు చల్లి, వెనక్కి జరిగాడు. నాతో చాలా బడులు తిరిగింది, ఎక్కడా ఆగలేదు, కాస్త చూసుకోండి అన్నాడు. బండి వీధి దాటేదాకా ఆయన లోపలికి వెళ్ళలేదు.

*

ఇంటికొచ్చాక డ్రైవరు భోజనాల బల్ల మీద రెండు గ్లాసులూ ఒక చెంచా పెట్టుకుని అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు. గ్లాసులు తామిద్దరు, చెంచా పిల్ల, ఒక పడవలో పులినీ మేకనీ గడ్డిమోపునీ ఏరు దాటించే పాత లెక్కలా. ఎలా జరిపినా రెండో గ్లాసు ఈ ఒడ్డునే మిగిలిపోతోంది.

"ఇందులో పులెవరు?" అంది కండక్టరు.

"నేను చెప్పక్కర్లేదు," అన్నాడాయన.

ఇద్దరూ కాస్త నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు కానీ, ఆ పూట ఆవిడ ఆకలేస్తోందని చెప్పి తిన్నది. పాస్ కోసం ఆయనే ఫోనులో వివరాలు నింపాడు. నడిపేవాడి పేరు, తెచ్చుకునే పిల్ల పేరు. మర్నాటి పొద్దుటికి అడిగాడు. ఆవిడ పిల్ల దారిలో తాగడానికి సీసా కడిగి పెట్టింది, వాంతికి సంచీ పెట్టింది, ఆయన ఒక్కడే కదా ఎలా చూస్తాడని తువ్వాలు రెండు పెట్టింది. చేతులకి పని ఉన్నంతసేపూ బాగానే ఉంది.

తర్వాత చెల్లెలికి ఫోను చేసింది. బావ రేపు పొద్దున బయల్దేరి వస్తున్నాడు, పిల్ల బట్టలు సర్దిపెట్టు అంది. మాట వీలైనంత మామూలుగా అంది.

అవతల చెల్లెలు పిల్ల ఉన్న వైపు చూసింది.

"అలాగే అక్కా," అంది. "నేను అడ్డం చెప్పను. నువ్వే దానితో చెప్పు."

తెర ఊగి, పైకప్పు కనపడి, ఆ తర్వాత పిల్ల మొహం వచ్చింది. ఈసారి కండక్టరు మొగుడి చెయ్యి పట్టుకుని లాగి, తన పక్కన తెరలోకి కూర్చోబెట్టుకుంది.

"నాన్నా," అంది పిల్ల, ఆయన్ని చూడగానే.

ఆయన తలూపాడు. కండక్టరే చెప్పింది, కారు కొన్నాం, రేపు నాన్న కారులో వస్తాడు, నువ్వు మనింటికి వచ్చేస్తావు అని. పిల్ల శ్రద్ధగా వింది. ఎవరెవరు వస్తున్నారని అడిగింది.

"నాన్న వస్తాడు."

"నువ్వో?"

"నేను ఇంటి దగ్గరుంటాను. నీకోసం చూస్తూ ఉంటాను."

"అయితే నేను రాను."

ఎంత తేలిగ్గా అందంటే, పాలు వద్దన్నట్టు అంది.

"నువ్వొస్తేనే వస్తాను. నీ ఒళ్ళో కూర్చుని వస్తాను. నాన్న బండి నడుపుతాడు, నువ్వు నన్ను పట్టుకోవాలి."

నెలలుగా కండక్టరు ఎదురుచూసిన మాట అది. తనని మరిచిపోలేదు. తనే కావాలంటోంది. ఒళ్ళంతా ఉప్పొంగింది, ఆ వెంటనే ఒళ్ళంతా చల్లబడింది. ఈ మాట నిన్న వచ్చినా, మొన్న వచ్చినా ఎంత సంబరపడేదో. సరిగ్గా తను వెళ్ళడానికి వీల్లేదని తేలిన రోజే వచ్చింది.

"వస్తావా?" అంది పిల్ల.

"వస్తున్నాను."

పక్కన మొగుడు ఉలిక్కిపడటం ఆవిడకి తెలిసింది. తిరిగి చూడలేదు.

పిల్ల కేక వేస్తూ ఎటో పరుగెత్తింది. తెరలోకి చెల్లెలి మొహం వచ్చింది. ఆమె అక్కడే ఉంది, అంతా వింది. కళ్ళు తుడుచుకోవడం కూడా మానేసింది.

"రోజూ పడుకునే ముందు అడుగుతుందక్కా, ఎప్పుడొస్తుంది అని," అంది. "నన్ను అమ్మా అంటుంది కానీ, పడుకునేటప్పుడు నిన్నే అడుగుతుంది. నీకు చెప్పలేదు. చెబితే ఎలాగైనా వచ్చేస్తావని చెప్పలేదు."

  చెల్లెలు చిన్నప్పుడు బొమ్మ దాచేసి దొరికిపోయినప్పుడు పెట్టిన మొహమే పెట్టింది.

"బావ ఒక్కడే వస్తే దాన్ని నేను పంపలేను," అంది చెల్లెలు. "పంపకూడదని కాదు. అది ఏడుస్తుంటే చేతులు విడిపించి కారెక్కించడం నా వల్ల కాదక్కా. నీ చేతుల్లో అయితే పెడతాను. నువ్వే రా."

ఫోను పెట్టేసింది.

ఆ వెంటనే డ్రైవరు జేబులో ఫోను మోగింది. పాస్ వచ్చింది. ఆయన చదివి, ఆవిడకి చూపించాడు. నడిపేవాడు ఒకరు. తెచ్చుకునే మనిషి, బాలిక, ఒకరు. ఇతరులు లేరు.

"వస్తున్నానని చెప్పేశావు," అన్నాడు.

"చెప్పాను."

"ఎలా వస్తావే?"

"తెలీదు," అంది కండక్టరు. "రేపు అది పొద్దున్నే లేచి, పాలు కూడా తాగకుండా గుమ్మంలో కూర్చుంటుంది. నాకదొక్కటే తెలుసు."